కుక్కపిల్లకు పేరు ఎవరిని అడిగి పెడుతున్నాం?

కుక్కకు ఆధార్ కార్డు లేదు. రేషన్ కార్డులో దాని పేరు ఎక్కదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం అది తహసీల్దారు ఆఫీసు వరండాలో పడిగాపులు కాయదు. బడి రిజిస్టరులో, ఓటరు జాబితాలో, ఉపాధి హామీ జాబ్ కార్డులో, పోడు పట్టాలో దాని పేరును ఇంకొకరు రాయరు, ఇంకొకరు దిద్దరు. పశువుల ఆసుపత్రిలో టీకా వేసినప్పుడు కార్డు మీద రాస్తే రాస్తారు, అక్కడ కూడా మనం ఏది చెబితే అదే రాస్తారు. మన ఇంట్లో ఉన్న ప్రాణులన్నిటిలో పేరు పూర్తిగా మన చేతిలో ఉన్నది దానికొక్కదానికే. బిడ్డకు పేరు పెట్టాలంటే పంతులు ఒకటి చెబుతాడు, పాస్టరు ఒకటి చెబుతాడు, అంగన్‌వాడీలో ఒకటి రాస్తారు, బడిలో ఇంకొకటి అవుతుంది. కుక్కపిల్లకు పెట్టాలంటే ఎవరూ అడ్డు రారు. అలాంటి చోట, ఏ బలవంతమూ లేని చోట, మనం పెడుతున్న పేర్లు ఏమిటి? టామీ, జిమ్మీ, టైగర్, పప్పీ, రాకీ.

ఈ వ్యాసం దీని మీదే. భూముల మీద రాయక కుక్కల మీద రాశారేమని నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి ముందుకు రండి. భూముల సంగతి కూడా వస్తుంది.

మా గూడేలు మందస, మెళియాపుట్టి కొండల్లో ఉన్నాయి. మా బస్సులు, ఆసుపత్రులు, కాలేజీలు, అప్పులు అన్నీ పలాస, టెక్కలి వైపు. జీడి పిక్కలు ఏరి పలాస వ్యాపారికి అమ్ముతాం. మా ఆడవాళ్ళలో కొందరు కాశీబుగ్గలో ఆ పిక్కలే కొట్టి, జీడి రసానికి వేళ్ళు నల్లబడి ఇంటికొస్తారు. ఉద్దానం తోటల్లో కొబ్బరి దింపడానికి, కాపలాకి మా మగవాళ్ళు దిగుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటి ఆ తోటల్ని పడుకోబెట్టినప్పుడు కింద రైతుతో పాటు మా కూలీ కూడా పడుకుంది. ఈ రాకపోకల్లో కొండకు కొత్త సామాను వస్తుంది, కొత్త మాట వస్తుంది, ఈ మధ్య కొత్త కుక్కపిల్లలు కూడా వస్తున్నాయి. హైదరాబాదు, చెన్నై పనులకు పోయిన కుర్రాళ్ళు పండగకు వస్తూ బొచ్చు కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని పలాస స్టేషనులో దిగుతున్నారు. తేవద్దని మేం అనం. ముద్దుగానే ఉంటాయి. ఆ బొచ్చుతో మా వేసవిని ఎలా ఈదుతాయో అదే బాధ.

పేరు మాత్రం అట్టపెట్టెతో పాటే వస్తోంది. సినిమా వస్తే దాని వెనక పేరు వస్తోంది. ‘కేజీఎఫ్’ తర్వాత రాకీలు, ‘777 చార్లీ’ తర్వాత చార్లీలు. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఎక్కువ వినిపించేది టైగర్. కొండ మీద ఏ గూడెంలోనైనా సాయంత్రం పూట ‘టైగర్’ అని కేక వెయ్యండి, నాలుగు వీధుల నుంచి నాలుగు కుక్కలు వస్తాయి. ఒకసారి సంత దగ్గర జీపు కోసం నిలబడ్డప్పుడు మాలో ఒక పెద్దాయనకూ ఒక కుర్రాడికీ మధ్య ఈ మాట జరిగింది.

“ఏటి పేరు పెట్టినావురా కుక్కకి?”

“టైగర్ మామా.”

“అంటే ఏటి?”

“పులి.”

“పులంటే కినా కదరా. మరి కినా అననేల?”

“బాగోదు మామా. కుర్రోళ్ళు నవ్వుతారు.”

కినా అంటే సవరలో పులి. కిన్సోడ్ అంటే కుక్క. కొండకూ కొండకూ పలుకు కాస్త మారుతుంది గాని మాట అదే. ఆ కుర్రాడికి కినా తెలుసు. తెలియక టైగర్ అనలేదు. అర్థం అదే, అక్షరాలు రెండే, పిలవడానికి ఇంకా సులువు. అయినా ‘బాగోదు’. పులి మన అడవిదే, కుక్క మన గుమ్మం ముందుదే, పిలిచే గొంతు మనదే. మాట మాత్రం మనదైతే నవ్వులాట. మా పోట్లాట టైగర్ అనే మాటతో లేదు. ఆ ‘బాగోదు’తో ఉంది. అది ఎక్కడ నుంచి వచ్చిందో చూడకుండా కుర్రాణ్ణి తిట్టడం మాత్రం న్యాయం కాదు.

అది మన పేర్ల దగ్గర నుంచి వచ్చింది. జాతాపులకు ఇంటిపేర్లున్నాయి. నిమ్మక, బిడ్డిక, ఆరిక, పాలక, మండంగి, కొండగొర్రి. ఆఫీసులో అడిగితే చెప్పడానికి ఒకటుంది. సవరలకు అలాంటి వంశనామం లేదు. ఒకే తాత నుంచి దిగిన వాళ్ళంతా ఒక బిరిందా, అంతే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి రాసేవాడు జాతి పేరే అక్కడ రాసేశాడు. సవర ఫలానా, సవర ఫలానా. ఊరు ఊరంతా ఒకే ఇంటిపేరు. పెళ్ళి సంబంధాలకు వచ్చిన బయటివాళ్ళు ‘మీరంతా ఒకే ఇంటివాళ్ళా’ అని అడిగితే ఏం చెప్పాలి? ఇది కొత్త పద్ధతి కూడా కాదు. రామాయణంలో పళ్ళు పెట్టిన ముసలమ్మను శబరి అన్నారు. శబరి అంటే సవర ఆడది. ఆమెను కన్నవాళ్ళు ఏమని పిలిచారో వాల్మీకి చెప్పలేదు. అంత భక్తి పొందిన మనిషికి కూడా జాతి పేరే పేరు. మహాభారతంలో పాండవుల కుక్క అడవిలో ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. నల్లటి ఒంటితో, మట్టి కొట్టుకుని, తోలు కట్టుకుని ఉన్నాడని మొరిగింది. తరవాత ఆ పిల్లాడి బొటనవేలు పోయిందని అందరికీ తెలుసు. ఆ కుక్కను ఏమని పిలిచేవారో ఎవరూ రాయలేదు.

పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం మాకు అలవాటు. సోమి, మంగడు, బుద్దు, సుక్రు, సన్ని. మాలో ఒకరికి ఇంట్లో సుక్రు అని పేరు. శుక్రవారం పుట్టాడు. బడిలో వేసిన రోజు మాస్టారు ఆ పేరు రెండుసార్లు పలికి, కుక్కను పిలిచినట్టుందిరా అని తరగతిని నవ్వించి రిజిస్టరులో సుకుమార్ అని రాశాడు. ఆ మాస్టారికి చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. మంచి పేరు ఇచ్చాననే అనుకుని ఉంటాడు. సుకుమార్ పదో తరగతి పాసయ్యాడు, ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటికెళ్తే వాళ్ళ అమ్మ సుక్రు అని పిలిచినప్పుడు పక్కన స్నేహితులుంటే ఇప్పటికీ ఉలిక్కిపడతాడు. ‘బాగోదు’ అన్న మాట అక్కడ పుట్టింది. ఆ కుర్రాడు కుక్కకు కినా అని పెట్టడానికి సిగ్గుపడ్డాడంటే, మనిషి పేరు మీద పడ్డ నవ్వు రెండు తరాలు దిగి కుక్కపిల్ల దాకా వచ్చిందన్నమాట.

మనకొక్కళ్ళకే జరిగిందని అనుకోవద్దు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే చోట 1879లో ఆదివాసీ పిల్లలకు ప్రభుత్వ హాస్టల్ బడి పెట్టారు. లకోటా జాతి పిల్లలు రైల్లో వచ్చి దిగాక నల్లబల్ల మీద తెల్లవాళ్ళ పేర్లు రాసి, చేతికి పుల్ల ఇచ్చి, ఒకదాన్ని చూపించమన్నారు. చదవడం రాని పిల్లలు ఏదో గీతను చూపిస్తే అదే వాళ్ళ పేరైంది. ఓటా క్టే అనే అబ్బాయి అలా లూథర్ అయ్యాడు. పెద్దయ్యాక ఆ సంగతి పుస్తకంలో తనే రాసుకున్నాడు, లూథర్ స్టాండింగ్ బేర్ అనే పేరుతో. మన ఆశ్రమ పాఠశాలలో చదివిన ఎవరైనా ఆ పుట చదివితే ఆ నల్లబల్ల ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

ఇంకొకటుంది, అది నేరుగా కుక్కలదే. మన ఊళ్ళలో తిరిగే నాటు కుక్కకు ఇంగ్లిషు పుస్తకాల్లో చాలాకాలం ఉన్న పేరు పరియా కుక్క. పరియా అంటే పరయ్యర్లు, తమిళనాట పరై డప్పు వాయించే దళితులు. దొరలు ఒక మనిషి జాతి పేరు తీసి యజమాని లేని కుక్కకు పెట్టారు, అది అచ్చు పుస్తకాల్లోకి ఎక్కి నిఘంటువుల్లో నిలబడింది. ఇప్పుడు కొందరు ఇండీ కుక్క అంటున్నారు, మంచిదే. పేరు పెట్టే అధికారం ఎవడి చేతిలో ఉందో వాడికి మనిషీ కుక్కా ఒక వరసలో కనిపిస్తారని చెప్పడానికి ఇంతకంటే రుజువు మాకు అక్కర్లేదు. టామీ సంగతి కూడా వినండి. ఇంగ్లండులో మామూలు సిపాయిని ముద్దుగా పిలిచే పేరు అది. అలాంటి సిపాయిలను పోషించిన దొరతనమే 1864లో పొట్టాసింగి దగ్గర, ఇప్పుడు ఒడిశాలో ఉంది, సవరల మీదికి వచ్చింది. పోలీసులు ఒక సవర పెద్దను అన్యాయంగా పట్టుకుపోతే సవరలు విడిపించుకున్నారు, ఠాణా తగలబెట్టారు, పోలీసులు చచ్చిపోయారు. తరవాత పట్టుబడిన వాళ్ళలో తొమ్మిదిమందిని ద్వీపాంతరం పంపి అయిదుగురిని ఉరి తీశారు. దొరల పుస్తకం ఈ అంకెలన్నీ చెబుతుంది. ఆ అయిదుగురూ అక్కడ అంకె మాత్రమే. వాళ్ళ సిపాయి ముద్దుపేరు మాత్రం మన గుమ్మాల్లో తోక ఊపుతోంది.

అలాగని ఉరి తీసిన వాళ్ళ పేర్లు కుక్కలకు పెట్టమని మేం అనడం లేదు. ఇక్కడ జాగ్రత్తగా వినాలి, ముఖ్యంగా మన భాష మీద కొత్తగా ప్రేమ కలిగిన కుర్రాళ్ళు. ‘మన పేర్లు పెడదాం’ అన్న ఊపులో ఒకాయన కుక్కకు వాళ్ళ ముత్తాత పేరు పెట్టబోతే ఇంట్లో ముసలమ్మ చేట విసిరింది. ఆమెదే న్యాయం. సవరలకు పేరు ఊరికే పిలుపు కాదు. చనిపోయిన మనిషి సోనుమై కొంతకాలం తిరిగి, తన పేరును పుట్టిన బిడ్డకు ఇస్తుంది. అప్పుడే ఆ బిడ్డ మన ఇంటి బిడ్డ అవుతుంది. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి ఉంది, పియర్స్ విటెబ్స్కీ చాలా ఏళ్ళు సవరల మధ్య బతికి ఇంకా విపులంగా రాశాడు. వాళ్ళు రాయకముందు నుంచీ మన ముసలమ్మలకు తెలుసు. తాత పేరు కుక్కకు పెడితే రేపు పుట్టబోయే బిడ్డ నోటి ముందు కూడు లాగినట్టే. అలాగే లేవిడి దగ్గర 1967 అక్టోబరు 31న కాల్పుల్లో పడిపోయిన కోరన్న, మంగన్నల పేర్లు బిడ్డలకు పెట్టుకోవాలి. ఉయుంగ్ అంటే సూర్యుడు, లాబో అంటే నేల. అవి మనం కొలిచే సోనుంల పేర్లలో ఉన్నవి, వాటి జోలికీ పోవద్దు. గిట్టని వాడి పేరు కుక్కకు పెట్టి రోజూ తిట్టుకునే సరదా కూడా కొన్ని ఊళ్ళలో ఉంది. దాని గురించి ఎక్కువ రాయం. పరియా అని పెట్టిన దొరకూ వాడికీ తేడా లేదు.

మరి ఏం మిగిలింది అంటారా? కొండంత మిగిలింది. రింగె అంటే గాలి. పరుగెత్తే కుక్కకు ఇంతకంటే మంచి పేరు ఏ సినిమాలో ఉంది? కినా ఉండనే ఉంది. వాగుల పేర్లున్నాయి, మెట్టల పేర్లున్నాయి, సామలు, చోళ్ళు, కందులు ఉన్నాయి. చెట్లున్నాయి, పిట్టలున్నాయి. తాతల కువి మాట పోయి తెలుగే మిగిలిన జాతాపు గూడేల్లో సవర మాట అరువు తెచ్చుకోవాలని కూడా మేం అనం. కర్రి, మచ్చ, బుల్లి, ఎర్రోడు అని మీ అవ్వలు పిలిచిన పేర్లే చాలు. వాటిలో కుక్క రంగు కనిపిస్తుంది, కుక్క కనిపిస్తుంది. జిమ్మీలో ఏం కనిపిస్తుంది? 1957 నవంబరు 3న రష్యావాళ్ళు అంతరిక్షంలోకి పంపిన కుక్క మాస్కో వీధుల్లో దొరికిన ఊర కుక్క. మొదట దాన్ని కుద్ర్యావ్కా అన్నారు, ఉంగరాల బొచ్చుది అని. తరవాత లైకా అన్నారు, మొరిగేది అని. రెండూ ఇంటి మాటలే. ప్రపంచమంతా ఆ ఇంటి మాటనే నేర్చుకుంది. అమెరికాకు అర్థం కావాలని వాళ్ళు దానికి టామీ అని పెట్టలేదు.

ఇప్పుడు మా మీదికి వచ్చే ప్రశ్నలు. మొదటిది చదువుకున్న వాళ్ళది. భాషలు ఎప్పుడూ కలుస్తూనే ఉంటాయి, సోమి, మంగడు అన్న వారాల పేర్లు మాత్రం సవరవా, అవీ ఒడియా, తెలుగుల నుంచి వచ్చినవే కదా అంటారు. నిజమే. సంతకు పోయి ఉప్పుతో పాటు వారం పేరు కూడా తెచ్చుకున్నాం. మన దగ్గర లేనిది తెచ్చుకున్నాం, తెచ్చుకుని మన నోటికి తగ్గట్టు తిప్పుకున్నాం. జీపు, సెల్లు, టీకా కూడా అలా తెచ్చుకున్నవే, ఈ వ్యాసంలో నిండా ఉన్నాయి. ఉన్నదాన్ని సిగ్గుతో పారేసి, అదే అర్థమున్న మాటను పక్కవాడి దగ్గర తెచ్చుకోవడం వేరు. ఇంట్లో బియ్యం ఉండగా అడుక్కోవడాన్ని బేరం అనరు.

రెండో ప్రశ్న మన కుర్రాళ్ళది. అది గట్టి ప్రశ్న. మా ఊళ్ళు అయిదో షెడ్యూలులో లేవు, పక్క కొండకున్న భూమి చట్టం మాకు లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాకు పోయింది, ఐటీడీఏ ఆఫీసు మా జిల్లాలో లేకుండా పోయింది. కింద సోంపేట బీలలో 2010లో, కాకరాపల్లిలో 2011లో నేల కోసం మనుషులు తుపాకులకు బలయ్యారు. ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి. ఇవన్నీ ఉండగా కుక్క పేరు మీద పోరాటమా అంటారు.

పోరాటం అని మేం అనలేదు. ఇందుకు ధర్నా చెయ్యక్కర్లేదు, చందా వెయ్యక్కర్లేదు. కానీ షెడ్యూలులో చేర్చమని అర్జీ పెట్టినప్పుడు అవతలివాడు మొదట అడిగేది ఏమిటో మీకు తెలుసు. మీరు గిరిజనులని గుర్తేమిటి, మీ భాష ఏది, పిల్లలు మాట్లాడతారా? అప్పుడు మనం చూపించేది ఎవరిని? ముసలమ్మని.

ఆ ముసలమ్మ దగ్గర కాసేపు కూర్చోండి. ఈ వ్యాసంలో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆమే. ఇంట్లో కొడుకుతో ఆమె సవరలో మాట్లాడితే కొడుకు సగం సవర, సగం తెలుగులో చెబుతాడు. కోడలు తెలుగులో చెబుతుంది. మనవడితో మాట్లాడితే వాడు ఫోను మీద నుంచి తల ఎత్తకుండా ‘ఆఁ’ అంటాడు. మాట్లాడుకునే ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పొద్దున్న పొయ్యి దగ్గర, మధ్యాహ్నం అరుగు మీద, సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళ ఆమె ఎవరితో మాట్లాడుతోంది? కుక్కతో. తిడుతుంది, బుజ్జగిస్తుంది, అడవిపంది దిగింది పోయి చూడమంటుంది, గంజి తాగమంటుంది, నువ్వైనా ఇంటి పట్టున ఉండమంటుంది. అన్నీ సవరలోనే. అదీ చెవులు రిక్కించి వింటుంది, లేవమంటే లేస్తుంది, పొమ్మంటే పోతుంది. చాలా ఇళ్ళలో సవర మాట పూర్తిగా విని దానికి తగ్గట్టు నడుచుకునే ప్రాణి ఇవాళ అదొక్కటే. మనవడికి రాని భాష కుక్కకు వచ్చు. ఇది తిట్టుగా రాయడం లేదు. గూడెంలో మేం రోజూ చూస్తున్నది రాస్తున్నాం.

అంత మాటా సవరలో వినే ఆ కుక్కను ఆమె పిలిచే మొదటి మాట ‘టైగరా’. దాన్ని కూడా ఆమె తన నోటికి తిప్పుకుని తయ్‌గరా చేసింది, పాపం. ఆ ఒక్క మాట మారితే ఆమె వాక్యం మొదటి నుంచి చివరి దాకా ఆమెదవుతుంది. మనవడు కూడా రోజుకు పదిసార్లు ఆ మాట పలుకుతాడు. తిండి పెట్టేటప్పుడు, వెతికేటప్పుడు, దెబ్బలాడేటప్పుడు, దానికి జబ్బు చేసి ఏడ్చేటప్పుడు. పాఠంగా నేర్పితే వాడికి రింగె గుర్తుండదు. వాగు దాటి తప్పిపోయిన కుక్క కోసం చీకట్లో ‘రింగే’ అని అరిచినవాడు ఆ మాట మరిచిపోతాడా?

కుక్కను చిన్నచూపు చూసి ఇదంతా తేలిక విషయం అనుకునేవాళ్ళు మా తోటల్లోకి రావాలి. జీడితోటలో, పోడులో రాత్రి కాపలా దానిదే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి చుట్టుపక్కల ఎలుగుబంటి ఒక మనిషి ప్రాణం తీసి పలువురిని గాయపరిచింది. అలాంటి చోట చీకటితో తోటలోకి దిగేవాడు ముందు కుక్కను పంపి, అది మొరిగిన తీరును బట్టి అడుగు వేస్తాడు. మనకు ముందు నడిచే దాన్ని మన మాటతో పిలవడం పెద్ద కోరికేమీ కాదు.

ఇక మాస్టార్లకు, టీచరమ్మలకు. ఏటా ఆగస్టు 29న బడిలో గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. వాడుక భాష కోసం పోరాడాడని పిల్లలతో చెప్పిస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నాడని, సవర పిల్లలకు బడులు పెట్టించాడని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చు వేయించాడని చెప్పేవాళ్ళు ఎంతమంది? ఆ నిఘంటువులో కుక్క ఉంది, పులి ఉంది, గాలి ఉంది. ఆయన కొండవాళ్ళ నోటి నుంచి ఒక్కొక్క మాట ఏరి రాసుకున్నవి. అదే కాలంలో, 1936లో, మంగై గొమాంగొ అనే సవర పెద్ద మన భాషకు సొంతంగా లిపి కూడా చేశాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి. సవర, కువి వాటిలో ఉన్నాయి. చాలా చోట్ల అవి ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగడం మా పని, అది ఇంకో వ్యాసంలో అడుగుతాం. ఇక్కడ చిన్న పని చెబుతున్నాం. ‘నా పెంపుడు కుక్క’ అని వ్యాసం రాయమంటారు కదా, దాని పేరు టామీ, అది పాలు తాగును, బంతితో ఆడును అని నల్లబల్ల మీద మీరే రాసి దింపించకండి. మా కుక్క పాలు తాగదు, గంజి తాగుతుంది. బంతితో ఆడదు, కోతుల్ని తరుముతుంది. పేరు గడి ఖాళీగా వదిలి పిల్లలు ఇంటికెళ్ళి అవ్వను అడిగి రావాలని చెప్పండి. మర్నాడు పిల్ల ఏ పేరు తెచ్చినా నవ్వకండి. తరగతిలో ఎవరైనా నవ్వితే ఆ మాటకు అర్థం ఆ పిల్లతోనే చెప్పించండి. తరగతిలో సగం మందికి కొత్త మాట వస్తుంది, మీకూ వస్తుంది.

పేరు పెట్టేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి రెండు అక్షరాలకు మించితే చీకట్లో కేక అందదు. ‘పో’ అనీ ‘ఛీ’ అనీ వినిపించే పేరు పెడితే పిలిచినప్పుడల్లా అది వెనక్కి పోతుంది. ఇంట్లో మనిషి పేరుకు దగ్గరగా ఉంటే ఇద్దరూ పలుకుతారు, గొడవ. కిన్సోడ్ అనే మాటను నేరుగా పేరుగా పెట్టినా తప్పులేదు. పేరు ఒకసారి పెట్టాక ఇంట్లో తలా ఒకటి పిలవకూడదు. ఇప్పటికే టైగర్‌గా పెద్దదైన దాన్ని ఇప్పుడు కినా అంటే పలుకుతుందా అని అడుగుతారు. గంజి గిన్నె చేత్తో పట్టుకుని పది రోజులు పిలవండి, పలుకుతుంది. దానికి సిగ్గు లేదు. పిల్లి మాట వేరు. పిల్లిని సవరలో రమేంగ్ అంటారు. ఏ భాషలో ఏ పేరు పెట్టినా అది తనకు రావాలనిపించినప్పుడే వస్తుంది. దాని మీద వాదన లేదు.

జులై 6న, మళ్ళీ సెప్టెంబరు 28న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. పలాసలో, టెక్కలిలో, మందసలో బొచ్చు కుక్కలు కార్లలో దిగుతాయి, మనవి తాడుతో నడిచి వస్తాయి. వరసలో నిలబడండి. కార్డు రాసే ఆయన తల ఎత్తకుండా పేరేంటి అని అడుగుతాడు. రింగె అని చెప్పండి. ‘రింకీయా?’ అంటాడు. కాదనండి. ర గుడి, సున్నా, గ ఎత్వం అని నిదానంగా చెప్పి, రాసింది ఒకసారి చూసుకుని, అప్పుడు కుక్కను పట్టుకోండి.